నలుడు వదలుకొన్న పందెం

లేపాక్షి వీరభద్రాలయపు కప్పు మీది చిత్రాలలో శివపార్వతులు నెత్తమాడుతున్న ఘట్టమొకటి ఉన్నది. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 16వ శతాబ్దంలో, విరూపణ్ణ సోదరులు కట్టించిన ఆలయమది. 2022 దాకా మా అనంతపురం జిల్లాలోనిదే. ఆ చిత్రం చూచినప్పుడల్లా నాకు పందెం మాటే తోస్తుంది.

పందెం ఎంత అన్నది ఒక ప్రశ్న. దానిని పెంచే అధికారం ఎవరిది అన్నది మరొకటి. పాశ్చాత్యుల బ్యాక్‌గామన్ ఆటలో ఈ రెండవదానికై 1920లలో న్యూయార్కులో ఒక పనిముట్టు పుట్టింది. 2 మొదలు 64 దాకా అంకెలున్న ఆ రెట్టింపు పాచికను ఒకడు ముందుకు జరిపితే, ఎదుటివాడు ఒక్క పందెం ఓడి లేచిపోవచ్చు. లేదా రెట్టింపుకు ఒప్పుకొని పాచికను తన వశం చేసుకోవచ్చు. అటుపై మళ్ళీ పెంచే హక్కు అతనిదొక్కనిదే.

నాలుగాటలలో ఒకటి గెలిచి మూడు ఓడేవానికి, ఒప్పుకొన్నా లేచిపోయినా నష్టం నాలుగు పందేలే. పాచిక తన చేత ఉంటుంది గనుక అంతకన్న కొంచెం తక్కువ ఆశ ఉన్నా ఒప్పుకోవచ్చు. అయితే ఒక్క కాయ కూడా పండకముందే ఓడితే అది 'గామన్': పందెం మరల రెట్టింపు. ఆ మూడు ఓటములలో ఒకటి గామనైతే నష్టం ఆరు!

మ్యాచిలో ఇంకా విచిత్రం. ఎదుటివానికి 4 పాయింట్లు కావలసి ఉంటే, రెట్టింపు మీద గామన్ మ్యాచినే ముగిస్తుంది. 2 మాత్రమే కావాలంటే గామన్ వల్ల అతనికి అదనపు లాభం సున్న. పైగా, ఓడితే ఎలాగూ సర్వం పోతుంది గనుక, పాచిక అందుకొన్న వెనుకబడినవాడు నిర్భయంగా 4కు పెంచేస్తాడు. (తొలకరిని నమ్మి వేరుశనగ విత్తి, అది మాడితే అప్పు తెచ్చి మళ్ళీ విత్తే మా మెట్టరైతుకు ఈ లెక్క ఒకరు చెప్పనక్కరలేదు.)

సభాపర్వ ద్యూతాన్ని తరగతిలో వ్యసనమని చెప్పి ముగిస్తాము. నాకది చాలదనిపిస్తుంది. ధర్మజునికి కొరవడినది లేచిపోయే హక్కు. పిలిస్తే వెనుదిరగనన్నది అతని వ్రతం. తన్ను తాను ఓడిన పిదప ద్రౌపదిని ఒడ్డమన్నవాడు శకుని. పెంచే అధికారం శత్రువుకు దక్కింది, తప్పుకొనే దారిని తానే మూసుకొన్నాడు.

అరణ్యపర్వంలో బృహదశ్వుడు అతనికి నలుని కథ చెబుతాడు. రాజ్యమంతా ఓడిన నలుణ్ణి పుష్కరుడూ దమయంతిని ఒడ్డమన్నాడు. నలుడు ఒడ్డలేదు, కట్టుబట్టతో వెళ్ళిపోయాడు. తరువాత ఋతుపర్ణుని వద్ద అక్షహృదయం నేర్చి, ఈసారి తానే పుష్కరుణ్ణి పిలిచి, ఒక్క ఆటలో సర్వం రాబట్టుకొన్నాడు. కథ ముగించి బృహదశ్వుడు అదే విద్యను ధర్మజునికి ఉపదేశించాడు.