నాలుగు డిగ్రీల దగ్గర పుట్టిన తెప్పలు

ఇంటర్లో ఎంపీసీ కాబట్టి జీవశాస్త్రంతో నా బంధం పదో తరగతితోనే తెగిపోయింది. అప్పట్లో గీసిన కణం బొమ్మలో కణత్వచం అంటే చుట్టూ ఒక గీత, అంతే. ఆ గీతలో ఏం జరుగుతోందో తేల్చడానికి జనం దాదాపు వందేళ్ళుగా కొట్టుకుంటున్నారని ఈ మధ్యే చదివాను. అందులో ఒక తగువు అచ్చం మన డీబగ్గింగ్ గొడవల్లాగే ఉంది.

1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్రరక్తకణాల్లోంచి అసిటోన్‌తో కొవ్వు లాగి, నీటిమీద ఒక్క అణువు మందాన పరిచి కొలిచారు. కణాల ఉపరితలానికి రెట్టింపు వచ్చింది. అంటే త్వచానికి రెండు పొరలన్నమాట. తమాషా ఏంటంటే అసిటోన్ కొవ్వు మొత్తాన్నీ లాగలేదు, వాళ్ళు ఉపరితలాన్నీ తక్కువే లెక్కేశారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన జవాబొచ్చింది. (ఇలాంటి కోడు నేనూ రాశాను. ముట్టుకోవద్దని పైన కామెంటు కూడా పెట్టాను.)

1970లో ఫ్రై, ఎడిడిన్ చిట్టెలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపి ఒకటి చేశారు. మొదట చెరో సగంలో ఉన్న ప్రోటీన్లు 37 డిగ్రీల దగ్గర 40 నిమిషాల్లో కలగలిసిపోయాయి. 1972లో సింగర్, నికల్సన్ కొవ్వు సముద్రంలో తేలే ప్రోటీన్ల బొమ్మ గీశారు, అదే పాఠ్యపుస్తకాల కెక్కింది.

చిక్కల్లా ఇక్కడే. బయటినుంచి హార్మోను వచ్చి గ్రాహకాన్ని తడితే, అది పక్కనున్న సంకేత ప్రోటీన్ని తట్టాలి, అది ఇంకోదాన్ని. అందరూ ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు తిరుగుతుంటే ఎవరు ఎవరికి దొరుకుతారు?

1992లో బ్రౌన్, రోజ్ 4 డిగ్రీల చలిలో కణాల్ని ట్రైటన్ ఎక్స్-100 అనే డిటర్జెంటుతో కరిగిస్తే, కొన్ని ప్రోటీన్లు స్ఫింగోలిపిడ్లతో కలిసి కరక్కుండా మిగిలాయి. 1997లో సైమన్స్, ఇకోనెన్ నేచర్ పత్రికలో వీటిని తెప్పలన్నారు. సంకేత ప్రోటీన్లు కొలెస్టరాల్, స్ఫింగోలిపిడ్ల తెప్పలెక్కి ఒకచోట చేరతాయట. ఇంకేం, డిటర్జెంటులో కరగని ప్రతిదీ తెప్ప మీదున్నట్టే లెక్క.

కానీ మన కణాలుండేది 37 డిగ్రీల దగ్గర కదా! చలికాలంలో నెయ్యి పేరుకుంటే, అది వేసవిలోనూ గడ్డగానే ఉందంటామా? ఆ ముద్దల్ని డిటర్జెంటే తయారుచేస్తోందేమో అన్న అనుమానం ముదిరి, 2003లో సీన్ మన్రో సెల్ పత్రికలో అసలీ తెప్పలున్నాయా అని నిలదీశాడు. లాగ్ లైను కలపగానే ప్రవర్తన మార్చే బగ్గు మనలో ఎవరికి తెలీదు?

ఈలోగా జపాన్‌లోని నగోయాలో అకిహిరో కుసుమి బృందం కరిగించడం మానేసి చూడ్డం మొదలెట్టింది. కొవ్వు అణువుకి 40 నానోమీటర్ల బంగారు రేణువు తగిలించి వీడియో తీశారు. సెకనుకి 30 ఫ్రేములతో తీస్తే అణువు మెల్లగా, దారీతెన్నూ లేకుండా తిరుగుతున్నట్టుంది. కృత్రిమ త్వచంలో చురుగ్గా ఉండేది కణంలో ఎందుకింత నెమ్మది? 2002లో 25 మైక్రోసెకన్లకో ఫ్రేము, అంటే సెకనుకి 40,000 తీసేసరికి గుట్టు బయటపడింది. అది నెమ్మదిగా లేనే లేదు! ఎలుక కిడ్నీ కణాల్లో సుమారు 230 నానోమీటర్ల గదిలో పూర్తి వేగంతో తిరుగుతూ, సగటున 11 మిల్లీసెకన్లకి పక్క గదిలోకి గెంతుతోంది. మామూలు వీడియోలో ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య 33 మిల్లీసెకన్లు. ఈలోపు మూడు గదులు మారిపోతోంది! ఐదు నిమిషాలకోసారి సీపీయూ చూసి సర్వర్ ప్రశాంతంగా ఉందనుకోవడం లాంటిదే ఇది.

గోడలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటారా? త్వచం కింద ఆక్టిన్ దారాల దడి, దానికి కట్టేసిన ప్రోటీన్లే గుంజలు. ఒంటరి అణువు దడి దాటుతుంది. గ్రాహకాలు సంకేతమందుకుని గుంపు కడితే మాత్రం దాటలేవు, అక్కడే చిక్కుకుంటాయి. అందుకే సంకేతం వచ్చినచోటే నిలుస్తుందని కుసుమి వాదన. నా ఓటు దీనికే.

అలాగని తెప్పలు పూర్తిగా మునిగిపోలేదు, చిక్కిపోయాయి. 2006లో శాస్త్రజ్ఞులు కూర్చుని వాటి సైజు 10 నుంచి 200 నానోమీటర్లని ఒప్పుకున్నారు. 2009లో స్టెఫాన్ హెల్ బృందం కొత్తరకం మైక్రోస్కోపుతో బతికున్న కణాల్నే చూస్తే, స్ఫింగోలిపిడ్లు 20 నానోమీటర్ల కంటే చిన్న చోట్ల ఓ పది, ఇరవై మిల్లీసెకన్లు ఆగి వెళ్ళిపోతూ కనిపించాయి.