నోట్ ఫైలు తెరుచుకున్న కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర రాయగల పండితుణ్ణి కాను. 1972లో రాయలసీమలోని ఒక తాలూకా కచేరీలో ఎల్.డి. క్లర్కుగా చేరి, 2008లో పదవీ విరమణ చేసిన మామూలు గుమాస్తాను. ముప్పయి ఆరేళ్లు ఫైళ్ల మధ్యనే గడిచిపోయాయి. అందుకని ఫైలు చరిత్రే రాస్తున్నాను. ఒకప్పుడు మనం తప్ప ఎవరూ చూడకూడదనుకున్న ఫైలు సామాన్యుడి చేతికి ఎలా అందిందో చెప్పడమే నా ఉద్దేశం. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. దాన్నీ దాచను.

గుడ్డ మూటలోని రహస్యం

మన తరం వారికి కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, పిల్లల కోసం చెబుతాను. ప్రతి ఫైలుకూ రెండు భాగాలుండేవి. అర్జీ, దానిపై వచ్చిన రిపోర్టులు, జవాబులు అన్నీ కరెంట్ ఫైలు. ఆ అర్జీ మీద గుమాస్తా ఏమని రాశాడు, సూపరింటెండెంటు ఏమన్నాడు, అధికారి ఎందుకు ఒప్పుకున్నాడు లేదా ఎందుకు కాదన్నాడు, ఇదంతా నోట్ ఫైలు. అర్జీదారుకు చివరికి అందేది ఒక్క ముక్క జవాబు. దాని వెనకాల ఉన్న కారణం నోట్ ఫైలులోనే ఉండిపోయేది. పని పూర్తయ్యాక ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అని ముద్ర వేసి, గుడ్డలో మూట కట్టి రికార్డు గదికి పంపేవాళ్లం. అక్కడ చెదపురుగులకున్న స్వేచ్ఛ ప్రజలకు లేదు.

1979 ప్రాంతంలో నా సీటుకు వృద్ధాప్య పింఛను అర్జీలు వచ్చేవి. ఒక అవ్వ ఏడెనిమిది మైళ్లు నడిచి వచ్చేది. వచ్చినప్పుడల్లా "ఫైలు పైకి పోయింది, వారం తర్వాత రా" అనేవాణ్ణి. ఒకనాడు ఆమె నా బల్ల ముందు నేల మీద కూర్చుని, "నాయనా, నాకు చదువు రాదు. నా కాగితం మీద ఏం రాసినారో ఒక్కసారి చదివి చెప్పు సామీ" అంది. "ఫైలు బయటి వాళ్లకు చూపకూడదవ్వా, రూలు లేదు" అన్నాను.

నిజానికి ఆ ఫైలు పైకి పోలేదు. నా బల్ల పక్కనున్న కట్టలోనే ఉంది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణ రిపోర్టు రావాలి. రిమైండరు రాయవలసినది నేనే. రాయలేదు. పని ఒత్తిడి అనండి, బద్ధకం అనండి. లంచం కోసం మాత్రం కాదు. కానీ అవ్వకు ఏమిటి తేడా? కొన్నాళ్లకు ఆమె రావడం మానేసింది. తర్వాత నాకు బదిలీ అయింది. ఛార్జి లిస్టులో ఆ ఫైలు నంబరు కూడా రాసి అప్పగించి వెళ్లిపోయాను. "దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు" అన్న సామెత మన గురించే పుట్టిందేమో!

చట్టం చాటున

ఫైలు చూపకూడదని నేనన్న మాటకు ఆధారం ఏమిటి? ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. తెల్లదొరలు 1923లో చేసిన అధికార రహస్యాల చట్టం ఒకటుంది. శత్రువులకు సైనిక రహస్యాలు అందకుండా చూడటం దాని ముఖ్యోద్దేశం. కానీ దాని ఐదో సెక్షను నీడ తాలూకా కచేరీ దాకా పాకింది. వీటికి తోడు, అనుమతి లేకుండా కాగితాలు బయటపెట్టరాదన్న మన ప్రవర్తనా నియమావళి. అవ్వ పింఛను అర్జీలో దేశ రహస్యం ఏముంటుంది? ఏమీ ఉండదు. అయినా చూపకపోవడం అలవాటైపోయింది. ఆ అలవాటునే మనం రూలనుకున్నాం.

న్యాయస్థానాలు మాత్రం మనకంటే ముందే మేల్కొన్నాయి. 1975లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికీ రాజ్‌నారాయణ్ గారికీ నడిచిన కేసులో జస్టిస్ కె.కె. మాథ్యూ గారు, ప్రభుత్వ సేవకులు ప్రజల తరఫున చేసే ప్రతి పనినీ తెలుసుకునే హక్కు ప్రజలకుందని రాశారు. 1981 నాటి ఎస్.పి. గుప్తా కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ వ్యవహారాలు బహిరంగంగా ఉండటమే నియమమనీ, రహస్యం మినహాయింపు మాత్రమేననీ స్పష్టం చేసింది. అయితే తీర్పులు తీర్పులుగానే లా రిపోర్టులలో ఉండిపోయాయి. వాటిని పల్లె దాకా తెచ్చింది చదువుకున్న వకీళ్లు కారు, కరువు పనికి పోయిన కూలీలు.

మైకులో చదివిన మస్టర్ రోల్

రాజస్థాన్‌లో దేవ్‌డుంగ్రీ అని ఒక చిన్న ఊరు. 1968లో ఐ.ఎ.ఎస్.కు ఎంపికై కొన్నేళ్లకు ఆ ఉద్యోగం వదులుకున్న అరుణా రాయ్ గారు, నిఖిల్ డే, శంకర్ సింగ్ గార్లతో కలిసి 1987లో అక్కడ ఒక మట్టి ఇంట్లో కాపురం పెట్టారు. 1990 మే 1న కూలీలు, రైతులతో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంఘం ఏర్పడింది. కరువు పనులలో కూలీలకు కనీస వేతనం దక్కడం లేదన్నది వారి మొదటి తగాదా. అడిగితే, మీరు చేసిన పని కొలతలో అంతే వచ్చిందని జవాబు. ఆ కొలత ఎక్కడ రాసి ఉంది? రికార్డులో. రికార్డు చూపండి అంటే, అది రహస్యం!

అక్కడే వారికి అసలు కీలకం దొరికింది. కూలి దక్కాలంటే ముందు కాగితం కనిపించాలి. 1994 డిసెంబర్ 2న పాలీ జిల్లా కోట్ కిరానా గ్రామంలో మొట్టమొదటి ప్రజా విచారణ జరిగింది. సంపాదించిన మస్టర్ రోళ్లు, బిల్లులు ఊరందరి ముందు మైకులో చదివారు. పేరు చదవగానే ఆ మనిషి లేచి, తాను ఆ పనికి పోయాడో లేదో, ఎంత కూలి ముట్టిందో చెప్పాలి. పనికే పోని వారి పేర్లు, జరగని పనుల బిల్లులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. తర్వాతి కొద్ది నెలలలో చుట్టుపక్కల మరికొన్ని విచారణలు జరిగాయి.

ఇక్కడ మన ఉద్యోగ లోకం ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. రికార్డులు చూపబోమంటూ అక్కడి గ్రామ సేవకులు సమ్మెకు దిగారు. వారిని నేను వేలెత్తి చూపను. ఆ రోజుల్లో నన్నడిగితే నేనూ వారి పక్కనే నిలబడేవాణ్ణి. కాగితం బయటికిస్తే ఉద్యోగం పోతుందనే భయం మనలో అంతగా నాటుకుపోయింది.

1995లో రాజస్థాన్ ముఖ్యమంత్రి, పంచాయతీ పనుల రికార్డుల నకళ్లు ప్రజలకు ఇస్తామని శాసనసభలో మాట ఇచ్చారు. ఏడాదైనా ఉత్తర్వు సరిగా రాలేదు. 1996 ఏప్రిల్ 6న బ్యావర్ పట్టణంలో ధర్నా మొదలైంది, నలభై రోజులు సాగింది. బజారులోని కూరగాయల వారు, చిన్న వర్తకులు కూడా ఆ శిబిరానికి తోడ్పడ్డారు. "మా డబ్బు, మా లెక్క" అన్నదే వారి నినాదం. ఇంతకంటే పెద్ద సిద్ధాంతం అక్కడ లేదు, అవసరమూ లేదు.

ఆ తర్వాత 1997లో తమిళనాడు, గోవా, 2000లో రాజస్థాన్, కర్ణాటక తమ తమ చట్టాలు చేసుకున్నాయి. పార్లమెంటు 2002లో సమాచార స్వేచ్ఛ చట్టం ఆమోదించింది గానీ, అమలు తేదీని ప్రకటించనే లేదు. జి.ఓ. వచ్చి బడ్జెట్ రాని పథకం లాంటిదన్నమాట. చివరకు 2005 మే నెలలో పార్లమెంటు సమాచార హక్కు చట్టం ఆమోదించింది. జూన్ 15న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అక్టోబర్ 12 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది.

అందులోని ముఖ్యాంశాలు చాలామందికి తెలిసినవే. 30 రోజులలో సమాచారం ఇవ్వాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలలో. అకారణంగా ఆలస్యం చేస్తే ఆ అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా. ఎందుకు అడుగుతున్నావని అర్జీదారును అడగరాదు. కానీ నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది నాలుగో సెక్షనులోని ఒక చిన్న వాక్యం. నిర్ణయం వల్ల ప్రభావితులైన వారికి ఆ నిర్ణయానికి కారణాలు తెలపాలని అది చెబుతుంది. అంటే నోట్ ఫైలు తలుపు తెరవమనే. 2006లో నోట్ ఫైళ్లను ఈ చట్టం నుంచి తప్పించాలని కేంద్రం ఆలోచించి, దేశమంతటా నిరసన రావడంతో విరమించుకుంది.

మన సీమ గడ్డ మీద

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభమైంది. ఆ చట్టం 17వ సెక్షను, గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీ జరగాలని చెప్పింది. దాన్ని పట్టుదలగా అమలు చేసిన మొదటి పెద్ద రాష్ట్రంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు పేరు వచ్చింది. రాజస్థాన్ సంఘం వారు శిక్షణకు తోడ్పడ్డారు. 2009లో తనిఖీల కోసమే ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. కూలీల కుటుంబాలలోని చదువుకున్న యువతే ఇల్లిల్లూ తిరిగి, జాబ్ కార్డులోని అంకెను, మస్టరులోని అంకెను పోల్చి చూసేవారు.

నా సర్వీసు చివరి రోజుల్లో అటువంటి ఒక సభకు వెళ్లాను. చెట్టు కింద షామియానా. ఒక అమ్మాయి మస్టరు చదువుతోంది. ఒక ముసలాయన లేచి, "ఆ వారం నేను ఆసుపత్రిలో ఉంటి, నా పేరు ఎట్లొచ్చె?" అన్నాడు. సభ అంతా నిశ్శబ్దం. సిబ్బంది తల దించుకున్నారు. ఏడాదికోసారి ఆడిట్ పార్టీ వచ్చి వోచర్లకు టిక్కులు పెట్టి వెళ్లడం నేను ముప్పయ్యేళ్లు చూశాను. ఆ పెద్దమనిషి ఒక్క ప్రశ్న చేసిన పని ఆ టిక్కులన్నీ కలిసి చేయలేదు.

నా వంతు వచ్చింది

పదవీ విరమణ తర్వాత 2010 వేతన సవరణ వచ్చింది. నా పింఛను సవరణ కాగితాలు ఒక కార్యాలయంలో ఆగాయి. పేరు చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. ఎనిమిది నెలలు తిరిగాను. వెళ్లినప్పుడల్లా ఒక కుర్రవాడు మర్యాదగానే, "ఫైలు పైకి వెళ్లింది సార్, వచ్చే వారం రండి" అనేవాడు.

ఆ మాట వినగానే నాకు అవ్వ గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చి తెల్ల కాగితం మీద అర్జీ రాశాను. నా ఫైలులోని నోటు పేజీల నకళ్లు కావాలన్నాను. రుసుము 10 రూపాయలు. ఇరవై ఆరో రోజున నాలుగు పేజీలు వచ్చాయి, పేజీకి 2 రూపాయలు. మూడో పేజీ చివర అధికారి "చర్చించండి" అని రాసి సంతకం పెట్టారు. ఆ తర్వాత ఏమీ లేదు. చర్చించవలసిన గుమాస్తాకు బదిలీ అయింది, కొత్తగా వచ్చినవాడు ఆ కట్ట విప్పలేదు. అంతే! ఎవరికీ నా మీద కక్ష లేదు, ఎవరూ లంచం అడగలేదు. నకళ్లు తయారు చేయడానికి ఫైలు తెరవక తప్పలేదు గనుక అది కదిలింది. మరో నెలకు బకాయిలతో సహా డబ్బు వచ్చింది.

నాకు చదువు వచ్చు, అర్జీ రాయడం వచ్చు, చట్టం చేతికొచ్చింది. ఈ మూడూ లేని అవ్వ ఉట్టి చేతులతో వెళ్లిపోయింది. ఆమెకు పింఛను మంజూరైందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

చివరగా ఒక మనవి

చట్టం వచ్చింది గనుక అంతా బాగుందని నేననను. కమిషన్లలో ఖాళీలు, అప్పీళ్ల కుప్పలు మనం చూస్తున్నవే. ఖాళీలను సకాలంలో నింపమని 2019లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. అదే ఏడాది కమిషనర్ల పదవీకాలం, జీతభత్యాలు కేంద్రం నిర్ణయించేలా చట్టం సవరించారు. 2023 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ద్వారా, వ్యక్తిగత సమాచారం పేరిట నిరాకరించే వీలును పెంచారు. తెరిచిన తలుపు గాలికి మూసుకుపోకుండా ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి.

1982 డిసెంబర్ 17న నకారా కేసు తీర్పులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, హక్కు అని చెప్పింది. ఏటా ఆ రోజున మనం సభ పెట్టుకుని శాలువాలు కప్పుకుంటున్నాం. సంతోషమే. సమాచారం కూడా అటువంటి హక్కే. కాగితం భాష తెలిసినవాళ్లం మనం. ఏ మాటకు ఏ అర్థమో, ఏ ఫైలు ఎక్కడ ఆగుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? మన సంఘం గదిలో వారానికొక పూట ఒక బల్ల వేసుకుని కూర్చుందాం. వృద్ధాప్య పింఛను రానివారికి, రేషన్ కార్డు ఆగినవారికి అర్జీ రాసి పెడదాం. జవాబు వస్తే చదివి వినిపిద్దాం.

"ఏం రాసినారో చదివి చెప్పు సామీ" అని ఆ రోజు అవ్వ అడిగింది అంతే కదా. సంఘం ఒప్పుకుంటే మొదటి వారం బల్ల దగ్గర నేను కూర్చుంటాను.

— ఒక విశ్రాంత గుమాస్తా