దోషముల తారతమ్యము



ఒక వడ్రంగి రెండు బండ్లు చేసి తెచ్చెననుకొందము. మొదటిదానికి పదిచోట్ల రంగు సరిగా అంటలేదు. రెండవదానికి ఒకటే దోషము: ఇరుసున సన్నని పగులు. దోషములను లెక్కించువాడు రెండవ బండియే మేలనును. పిల్లలను ఎక్కించుకొని వాగు దాటవలసిన రైతు ఆ లెక్కను ఒప్పుకొనడు. దోషములను ఎంచుట వేరు, తూచుట వేరు. ఈ వివేకము కర్మాగారములలో శాస్త్రరూపమును ఎట్లు దాల్చినదో నేడు మనవి చేసెదను.

అమెరికా దేశమున బెల్ టెలిఫోను ప్రయోగశాలకు చెందిన హెరాల్డ్ డాడ్జి 1928లో, తయారైన సరకునకు వెలకట్టునట్లు దాని గుణమునకును విలువ కట్టు పద్ధతిని ప్రకటించెను. ఆ పద్ధతి ముదిరిన పిమ్మట దోషములు నాలుగు తరగతులై, ఘోరమైన దానికి 100, తరువాతి వానికి క్రమముగా 50, 10, 1 చొప్పున తప్పు గుణములు ఏర్పడినవి. అనగా ఒక్క ఘోరదోషము నూరు స్వల్పదోషములతో సమానము.

రెండవ ప్రపంచయుద్ధము ఈ విద్యకు పదును పెట్టినది. సైన్యము కొను సరకు అపారము; పరీక్షకులు కొలదిమంది. పైగా పేల్చి చూచిన తూటా మరల పనికిరాదు. కావున మచ్చు తీసి మొత్తమును నిర్ణయింపవలసివచ్చెను. 1950లో అమెరికా సైనికశాఖ వెలువరించిన ప్రమాణము దోషములను మూడుగా విభజించెను. వాడువాని ప్రాణమునకు అపాయము తెచ్చునది మొదటిది. వస్తువును పనికి రాకుండ చేయునది రెండవది. పనికి అంతగా అడ్డురానిది మూడవది. మొదటి తరగతి దోషమునకై మచ్చుతో తృప్తిపడక, ప్రతి వస్తువును పరీక్షింపుమని కోరు అధికారమును 1963 నాటి సవరణ కొనువారికి ఇచ్చినది. ఆ ప్రమాణము 1995లో రద్దయినను, ఈ విభాగము లోకమున నిలిచియే యున్నది.

మన దేశమునకును ఈ విద్యతో సంబంధము కలదు. డాడ్జి సహచరుడును, గుణనియంత్రణ శాస్త్రమునకు మూలపురుషుడును అగు వాల్టర్ షూహార్ట్ 1947-48లో మహలనోబిస్ గారి ఆహ్వానముపై భారతదేశమునకు వచ్చెను.

నేను ముఖ్యముగా గమనించినది ఒకటి: దోషపు తరగతి దోషమునందు గాక ఉపయోగమునందున్నది. మందుసీసాపై చీటి వంకరగా నుండుట స్వల్పము. ఒక మందు చీటి వేరొక మందునకు అంటించుట ప్రాణాంతకము. రెండును చీటి అంటించుటలోని పొరపాట్లే. కావుననే సరకు చేతికి రాకమునుపే, ఏది ఏ తరగతియో ఉభయులును వ్రాసికొనవలయును. సరకు చూచిన పిమ్మట వ్రాసినచో అమ్మువానికి అన్నియు స్వల్పములే, కొనువానికి అన్నియు ఘోరములే. తగవు తీర్చు పెద్దలైన మీకు ఈ మాట క్రొత్తది కాదు.