ఊటనీటి పొరలో టైరు ముక్కలు: ఒక సాంకేతిక పద్ధతి చరిత్ర, హైదరాబాదు సందర్భం

వ్యాససంగ్రహం: చెత్తను పూడ్చే స్థలంలో ఊటనీటిని బయటికి నడిపించే పొరకు కంకర బదులు టైరు ముక్కలు వాడే పద్ధతి పాశ్చాత్య దేశాల్లో టైర్ల మిగులు వల్ల స్థిరపడింది. హైదరాబాదులో ఆ మిగులు లేదు. ఆ పద్ధతి ఇక్కడ నిలదొక్కుకోకపోవడానికి కారణం సాంకేతిక లోపం కాదని, టైరుకు ఉన్న ధరేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: టైరు ముక్కలు, ఊటనీరు, జవహర్‌నగర్, టోలిచౌకి.

1. ఉపోద్ఘాతం

టోలిచౌకిలో అరిగిపోయిన టైరు సాధారణంగా చెత్తబండి ఎక్కదు. రీట్రేడింగుకో, పాతసామాన్ల వ్యాపారికో చేరుతుంది. ఇంటి చెత్తకు ఆ విలువ లేదు. అది నగరానికి మరో కొసన ఉన్న జవహర్‌నగర్‌కు తరలుతుంది. అక్కడ కుళ్లే చెత్త గుండా వాన నీరు దిగి విషపు ఊటగా మారుతుంది. సమీపంలోని మల్కారం చెరువు ఆ ఊట వల్లనే కలుషితమైంది.

2. పద్ధతి పరిణామం

టైరు ముక్కల మధ్య ఖాళీలు ఎక్కువ కనుక నీరు కంకరలో వలెనే సులభంగా పారుతుంది. బరువూ తక్కువే. అయితే పైభారానికి అణిగిపోతాయి కనుక పొరను ముందే మందంగా వేయాలి. తెగిన ఉక్కు తీగలు అడుగున పరచిన ప్లాస్టిక్ పొరను చీల్చకుండా నడుమ రక్షణపొర ఉండాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి చికాగోలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన కృష్ణారెడ్డి, సైచెక్‌తో కలిసి 1998లో ఈ పదార్థాన్ని ఊటనీటి పొర దృష్టితో పరిశీలించారు. ఈ పద్ధతిపై తొలి పరిశోధనల్లో హైదరాబాదులో చదివిన ఇంజనీరు భాగస్వామ్యం ఉన్నదన్నమాట.

ప్రమాదాలూ ఈ చరిత్రలో భాగమే. 1995లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మందంగా వేసిన టైరు ముక్కల కట్టలు వాటంతట అవే వేడెక్కి అంటుకున్నాయి. 1998 నాటి అమెరికా ప్రమాణం పొర మందాన్ని 3 మీటర్లకు పరిమితం చేసింది. 2012లో అయోవా నగర చెత్తస్థలంలో ఇటువంటి పొరే రెండు వారాలకు పైగా మండింది. ఐరోపా 1999 ఆదేశం టైర్లను పూడ్చడాన్ని దశలవారీగా నిషేధించినా, నిర్మాణ సామగ్రిగా వాడే టైర్లకు మినహాయింపునిచ్చింది.

3. భారతీయ చట్టం, హైదరాబాదు

సుప్రీంకోర్టులో 1996లో దాఖలైన అల్మిత్రా పటేల్ వ్యాజ్యం నేపథ్యంలో 2000 నాటి ఘనవ్యర్థాల నియమాలు వెలువడ్డాయి. అడుగున 90 సెంటీమీటర్ల బంకమన్ను, దానిపై 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర, గుట్టను మూసేటప్పుడు 15 సెంటీమీటర్ల నీటిపారుదల పొర ఉండాలని అవి నిర్దేశించాయి. ఆ పారుదల పొరను దేనితో వేయాలో చెప్పలేదు. అంటే టైరు ముక్కలకు చట్టం తలుపు మూయలేదు.

తలుపు మూసినది విపణి. 2022లో వచ్చిన ఉత్పత్తిదారుల బాధ్యతా నియమాలు పునర్వినియోగ రబ్బరు, రబ్బరు పొడి, కార్బన్ బ్లాక్, రబ్బరు కలిపిన తారు, పైరాలిసిస్ నూనె వంటి వాటికే ధ్రువపత్రాలు ఇస్తాయి. ఊటనీటి పొరకు ఆ జాబితాలో చోటు లేదు. టైరును వేడిచేసి నూనె తీసినవారికి ప్రతిఫలం దక్కుతుంది. చెరువును కాపాడే పొరగా పరచినవారికి దక్కదు.

4. ముగింపు

పాశ్చాత్య దేశాల్లో ఈ పద్ధతి వదిలించుకోవలసిన టైరుకు చూపిన దారి. హైదరాబాదులో అది ధర గల సరుకును ప్రజాప్రయోజనానికి మళ్లించడం అవుతుంది. కనుక ఇక్కడ తేలవలసినది ఇంజనీరింగ్ ప్రశ్న కాదు. మల్కారం చెరువు నీటికి విలువ కట్టడం ఎలా అన్నదే అసలు ప్రశ్న.