తిరుగు టికెట్టు

మా మనవరాలు వేసవి సెలవులకి జర్మనీ పోతానంది. చుట్టపుచూపుగా కాదండోయ్! అక్కడి యూనివర్సిటీ ప్రయోగశాలలో రెండున్నర నెలలు పని నేర్చుకోవడానికి. దాన్ని ఇంటర్న్‌షిప్ అంటారట.

పిల్ల వరంగల్ నిట్‌లో చదువుతోంది. దసరాకి జువ్వలదిన్నె వచ్చి, సిగ్నల్ కోసం మిద్దె మీద కూర్చుని, ముక్కూ మొహం తెలియని ప్రొఫెసర్లకి నలభై ఉత్తరాలు కొట్టింది. ముగ్గురు జవాబిచ్చారు. ఒక్కరు రమ్మన్నారు. అలా ఎవరో ఒకరు పిలిస్తేనే ‘డాడ్’ అనే జర్మనీ సంస్థ ‘వైజ్’ పథకం కింద ఉపకార వేతనమిచ్చేది.

"నలభైమందిని అడుక్కోవడమేందమ్మే?" అన్నాను.

"సిగ్గుపడితే ఎవురు పిలుస్తారవ్వా?" అంది.

నాకు యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొచ్చారు. ఆయన పేరు తెలియని ఇళ్ళు మా ఊళ్ళో ఉండొచ్చు గానీ, ఆయన మందు తెలియని ఇల్లుండదు. బోదకాలు రాకుండా ఇంటింటికీ తెచ్చి మింగించే డి.ఇ.సి. మాత్ర ఆయన పరిశోధన చలవే.

1895లో భీమవరంలో పుట్టిన మనిషి. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కి బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. తర్వాత అమెరికాలో హార్వర్డ్ వాళ్ళు ఉష్ణమండల వ్యాధుల చదువుకి రమ్మన్నారు గానీ, డబ్బిస్తామనలేదు. రంగూనులో ఆర్జించిన మల్లాడి సత్యలింగ నాయకర్‌గారి పేర కాకినాడలో ఉన్న ధర్మనిధి కొంత, మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత సాయం చేస్తే ఓడెక్కారు. 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. ఎల్.ఎం.ఎస్. డాక్టరు కదా, అక్కడ పూట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు! ఆ చేతులే తర్వాత ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసే దారి చూపాయి. కడుపుతో ఉన్న ఆడపిల్లలకి డాక్టరమ్మ రాసిచ్చే మాత్ర అదే.

ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో ఉండేదే. నా మనసు మాత్రం ఆయన భార్య శేషగిరిగారి దగ్గర ఆగిపోతుంది. 1919లో పెళ్ళి, మూడేళ్ళకి ప్రయాణం. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకుని ఆయన చూడనేలేదు. ఆ పసివాడు ఏడాది నిండకుండానే పోయాడు. ఆయన 1948లో న్యూయార్కులో కన్నుమూశారు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ ఇంటికి రాలేదు. ఆయన్ని తప్పు పట్టడానికి నేనెవర్ని? కానీ అల్లుడి ఓడ ఖర్చు భరించిన ఆ మామగారు, కూతురి మొహం చూసినప్పుడల్లా ఏమనుకునేవారో!

ఆ 1948 జనవరిలోనే లండన్ ఇంపీరియల్ కాలేజీలో ‘ఐయెస్టే’ అనే సంఘం పుట్టింది. ఒక దేశపు సాంకేతిక విద్యార్థులు ఇంకో దేశానికి పోయి కొన్నాళ్ళు పని నేర్చుకునే ఏర్పాటు అది. యుద్ధంలో నిన్నటిదాకా కొట్టుకున్న దేశాల పిల్లలు ఒకరి ఫ్యాక్టరీల్లో ఒకరు పనిచేయడమంటే చిన్న సంగతా? నాకు అందులో బాగా నచ్చింది వేరే. పని నేర్చుకున్న పిల్ల, గడువు తీరాక మళ్ళీ తన కాలేజీకి, తన ఇంటికి వచ్చేస్తుంది.

ఈ మాటే మా అమ్మాయికి చెప్పాను. తల్లి కదా, వినదు. "నీకేమమ్మా, చెప్తావు! దేశంకాని దేశం, ఆడపిల్ల..." అని ముక్కు చీదింది. అల్లుడు నోరు విప్పలేదు. ముందు ఇంట్లోంచి తీయాల్సిన డబ్బుకి నా పెన్షన్ డిపాజిట్ రద్దు చేశాను. మనవరాల్ని వెంటబెట్టుకుని, బిట్రగుంటలో రైలెక్కి, వీసా పనికి మద్రాసూ పోయొచ్చాను. మా అమ్మాయి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు తనే రొయ్యల పొడి కొట్టి డబ్బాకెత్తింది. విమానంలో పట్టుకుపోనిస్తారో లేదో కనుక్కోమని పిల్లకి పురమాయించింది.

నేను పిల్లని ఒక్కటే అడిగాను. తిరుగు టికెట్టు కాగితం మీద అచ్చువేసి ఇమ్మన్నాను. "అంతా ఫోన్లోనే ఉంటుందవ్వా" అని నవ్వింది గానీ, కావలికి పోయి అచ్చు తీయించుకొచ్చింది. దేవుడి గూట్లో, కుంకుమ భరిణె కింద పెట్టాను. జులై 26, ఆదివారం.