ఆట విలువా, ఆడిన కాలమా? మొబైల్ గేముల కొనుగోలుపై ఒక పునఃపరిశీలన

మొబైల్ గేముల మీద జనం డబ్బెందుకు పెడతారన్న ప్రశ్నకు మార్కెటింగ్ పరిశోధకులు ఇన్నాళ్లుగా ఒకే పాఠం అప్పజెబుతున్నారు: ఆటగాడు గేమ్‌లో విలువ చూస్తాడు, ధర ఆ విలువకు తగ్గట్టుందనుకుంటే కొంటాడు. షేత్, న్యూమన్, గ్రాస్ 1991లో ప్రతిపాదించిన వినియోగ విలువల సిద్ధాంతం అంగడి సరుకుకు అక్కరకొచ్చింది కాబట్టి గేముకూ వస్తుందని నమ్మడమే ఇక్కడి చిక్కు. ఈ బాటలో పదే పదే ఉదహరించే అధ్యయనం షియావో, చెన్ 2016లో ప్రచురించినది. ‘టవర్ ఆఫ్ సేవియర్స్’ ఆడేవాళ్లు 3,309 మందిని ప్రశ్నించి, గేమ్ పట్ల విధేయత, గిట్టుబాటుగా తోచే ధర కొనుగోలు ఉద్దేశాన్ని నేరుగా ప్రభావితం చేస్తాయని వారు తేల్చారు. డబ్బు కట్టినవాళ్లనూ కట్టనివాళ్లనూ విడివిడిగా చూడటం ఆ అధ్యయనంలోని మేలు. కానీ వారు కొలిచింది ఉద్దేశాన్ని. డబ్బు చేతులు మారిన ఘడియను కాదు. పైగా విధేయతను విలువకు పుట్టిన బిడ్డగా లెక్కించారు. అది ఆడిన గంటలకు పుట్టిన బిడ్డ అని నా వాదన. ఆటగాణ్ణి ఒప్పించేది గేమ్ గొప్పతనం కాదు, అందులో అతను అప్పటికే పెట్టిన కాలం, దాన్ని చూసే తోటివాళ్ల కళ్లు.

దీనికి ‘సూపర్ మారియో రన్’ను మించిన సాక్ష్యం దొరకదు. నింటెండో దీన్ని 2016 డిసెంబరు 15న ఐఫోన్‌లో విడుదల చేసింది. దించుకోవడం ఉచితం, అప్పట్లో మొదటి మూడు దశలు ఉచితం. నాలుగోది కాస్త రుచి చూపించి ఆపేసి, మిగతా గేమంతటికీ ఒకేసారి 9.99 డాలర్లు, మన దేశంలో 620 రూపాయలు అడిగేది. మళ్లీ ఎప్పుడూ పైసా అడగదు. విలువ సిద్ధాంతం ప్రకారం ఇంతకన్నా నిజాయితీ గల బేరం లేదు, మారియో కన్నా పేరున్న పాత్రా లేదు. అయినా 2017 జనవరి చివరికి 7.8 కోట్ల డౌన్‌లోడ్లు నమోదైతే కొన్నవాళ్లు 5 శాతం పైచిలుకే అని కంపెనీయే చెప్పింది. అదే కంపెనీ 2017 ఫిబ్రవరిలో తెచ్చిన ‘ఫైర్ ఎంబ్లెమ్ హీరోస్’ దించుకున్నప్పుడు ఏమీ అడగదు. వీరులను కూడగట్టి, రోజుల తరబడి సాన పట్టాక, కొత్త వీరుడి కోసం లాటరీ తీసే చోట డబ్బు అడుగుతుంది. యాప్‌ల రాబడిని అంచనా వేసే సంస్థ సెన్సర్ టవర్ 2020 జనవరి లెక్కలో మారియో రన్ రాబడి సుమారు 7.6 కోట్ల డాలర్లు, హీరోస్‌ది 65.6 కోట్లు. మారియోను దించుకున్నవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. ఒకటి పరిచయమైన పది నిమిషాలకే చేయి చాపింది, మరొకటి ఆటగాడు వదిలిపోలేని స్థితికి వచ్చాక చాపింది. నాకు కనిపించే అసలు తేడా ఇదే.

మన దగ్గరి ఉదాహరణ పబ్‌జీ మొబైల్. 2020 సెప్టెంబరు 2న కేంద్రం దాన్ని నిషేధించింది. 2021 జులై 2న బీజీఎంఐ (బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా)గా తిరిగొచ్చినప్పుడు పాత ఖాతాలోని సరుకును కొత్తదానికి మార్చుకునే వీలు కల్పించారు. ఆ సరుకేమిటో చూడండి: గ్లేసియర్ స్కిన్ (పైపై అలంకరణ) తొడిగిన ఎం416 తుపాకీ మామూలు ఎం416 కన్నా గట్టిగా ఏమీ తగలదు. మ్యాచ్‌కు ముందు లాబీలో స్క్వాడ్ నలుగురూ పక్కపక్కన నిలబడితే మాత్రం మిగతా ముగ్గురి చూపూ దాని మీదే. గుంటూరు కుర్రాడైనా కరీంనగర్ కుర్రాడైనా యూసీ (గేమ్‌లో చెల్లే డబ్బు) టాప్-అప్ చేసేది ఆ ముగ్గురి కోసమే. షియావో, చెన్ దీన్ని సామాజిక విలువ ఖాతాలో వేసేస్తారు. అయితే ఆ ముగ్గురూ రేపు ఆట మానేస్తే స్కిన్ విలువ ఏమవుతుందో వారి ప్రశ్నావళి చెప్పలేదు. ఫిన్లాండ్ పరిశోధకుడు యూహో హమారి 2015 అధ్యయనంలో ఆట ఇచ్చే ఆనందం ఇంకా ఆడాలన్న కోరికను పెంచి, కొనాలన్న ఉద్దేశాన్ని తగ్గిస్తుందని తేలింది. ఆనందమే డబ్బు రాబడుతుందనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

ధరే అసలు అడ్డంకి అనేవారున్నారు. 2015లో గూగుల్ ప్లే మన దేశంలో యాప్‌ల కనీస ధరను 50 రూపాయల నుంచి 10కి దించింది. అయినా ముందే డబ్బు కట్టి గేమ్ దించుకునే అలవాటు మనవాళ్లకు అబ్బలేదు. ముందే డబ్బు తీసుకునే మైన్‌క్రాఫ్ట్ ఏళ్ల తరబడి అమ్ముడవుతోంది నిజమే, అది మినహాయింపు. తెలుగు విశ్వవిద్యాలయాల్లో ఈ విషయం మీద ప్రశ్నావళి తయారుచేస్తున్న విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. ‘ఈ గేమ్ కొంటారా’ అని అడగకండి. చివరిసారి ఎప్పుడు డబ్బు కట్టారు, అప్పటికి ఆ ఖాతా వయసెంత, ఆ రోజు స్క్వాడ్‌లో ఎవరున్నారు అని అడగండి.