గడప దాటని ఓటు

అమెరికాలో గవర్నర్ అంటే ఆ రాష్ట్ర జనం ఓట్లేసి గెలిపించుకునే మనిషి. మన దగ్గర గవర్నర్ అంటే ఢిల్లీ ఉత్తర్వు మీద దిగే మనిషి. ఆయనకు ఓట్లతో పనిలేదు. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఎన్.టి.రామారావు ప్రభుత్వాన్ని తీసిపారేసినప్పుడు ఆ తేడా రాష్ట్రమంతా చూసింది. జనం వీధుల్లోకి వస్తే గానీ, నెల తిరిగాక రామారావు మళ్లీ కుర్చీ ఎక్కలేదు. మన దగ్గర రాష్ట్రాన్ని ఎవరు ఏలాలన్న అసలు పోటీ ముఖ్యమంత్రి కుర్చీ కోసమే జరుగుతుంది. ఆ పోటీలో కర్నూలు, కడప జిల్లాల ముస్లింలం ఎక్కడున్నాం? ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మా మొహల్లాల్లో ఈ ప్రశ్న లేస్తుంది. నాలుగు రోజులకు అణిగిపోతుంది. దాన్ని అణగనివ్వకుండా ఒకసారి లెక్క తీద్దామనే ఈ రాత.

ముందు మా మీదున్న ఒక అపవాదు సంగతి తేల్చుకోవాలి. కర్నూలు, కడప అనగానే నవాబులు గుర్తొస్తారు చాలామందికి. "మీరు ఏలినోళ్లే కదా" అంటారు. కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లోనే ఇంగ్లీషువాళ్లు పట్టుకుపోయారు. కడప అంతకు చాలాముందే, 1800లో, నిజాం రాసిచ్చిన దత్తమండలాల్లో భాగంగా కంపెనీ చేతికి పోయింది. నవాబుల పాలనలో మాత్రం దూదేకినవాడు, బండలు కొట్టినవాడు, జట్కా తోలినవాడు ఏం ఏలాడు? మా తాతలు ఆ కోటల్లో నీళ్లు మోసినవాళ్లు, ఆ గోడలకు రాళ్లెత్తినవాళ్లు. నవాబుతో పాటు పోయిన రాజ్యం మాది కాదు. మా చేతికి మొదటిసారి వచ్చిన అధికారం 1952 ఎన్నికల నాటి ఓటు చీటీ.

అంతకుముందు కూడా ఓటు ఉండేది కదా అనొచ్చు. 1909 సంస్కరణలతో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు వచ్చాయి, 1935 చట్టం కింద కూడా సాగాయి. కానీ ఆ ఓటు ఆస్తి ఉన్నవాడికి, పన్ను కట్టేవాడికి, చదువుకున్నవాడికి. మా వీధుల్లో అలాంటివాళ్లు ఎందరు? స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగ సభ మైనారిటీలకు ఉమ్మడి ఓటర్లతోనే కొన్ని సీట్లు కేటాయించాలని మొదట అనుకుంది. దేశ విభజన గాయం పచ్చిగా ఉన్న ఆ రోజుల్లో, 1949 మేలో ఆ ఆలోచన వదిలేసింది. మెజారిటీ మంచితనాన్ని నమ్ముకోండి అని మాకు చెప్పారు. మేం నమ్మాం. ఆ నమ్మకానికి డెబ్బై ఏళ్ల ఎన్నికల ఫలితాలే సాక్ష్యం.

మొదట్లో ఆశ కలిగించే ఆనవాళ్లు లేకపోలేదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది కర్నూల్లో. గుడారాల్లో కచేరీలు నడిచిన ఆ రాజధానిలో తెలుగు, ఉర్దూ పక్కపక్కనే వినపడేవి. 1957లో కర్నూలు లోక్‌సభ స్థానం నుంచి ఉస్మాన్ అలీ ఖాన్ కాంగ్రెస్ తరఫున గెలిచారు. ఆ తర్వాత ఈ రెండు జిల్లాల నుంచి ఒక్క ముస్లిం కూడా లోక్‌సభ గడప తొక్కలేదు. ముఖ్యమంత్రుల్ని మాత్రం ఈ జిల్లాలు నలుగుర్ని ఇచ్చాయి. దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి కర్నూలు నుంచి, వై.ఎస్.రాజశేఖరరెడ్డి, జగన్‌మోహన్‌రెడ్డి కడప నుంచి. 1960లో దళితుడైన సంజీవయ్య ఆ కుర్చీలో కూర్చోవడం మాకూ పండగే. మిగతా ముగ్గురూ ఒకే కులం వాళ్లు.

ఇక మా ఓటు దేశం కుర్చీని కూడా నిలబెట్టింది. 1991 నవంబర్‌లో పి.వి.నరసింహారావు ప్రధానమంత్రి హోదాలో నంద్యాల ఉప ఎన్నికకు దిగారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీ పెట్టలేదు. ఐదు లక్షల పైచిలుకు మెజారిటీ వచ్చింది. ఆ ఓట్లలో నంద్యాల, ఆళ్లగడ్డ, ఆత్మకూరు ముస్లింల ఓట్లున్నాయి. ఏడాది తిరిగిందో లేదో, 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలింది. కూలుతుంటే ఢిల్లీలో ఉన్నది మా నియోజకవర్గం ఎంపీయే. ఆ రోజు మా పెద్దలు నోట మాట రాక కూర్చున్నారు. కోపం కన్నా ఎక్కువ కలచివేసింది ఒకే సంగతి: ఓటు మాది, మసీదూ మాదే.

రెండేళ్లకు, 1994 డిసెంబర్‌లో, శాసనసభ ఎన్నికలు వచ్చాయి. అప్పటి ముఖ్యమంత్రి మా కర్నూలు కోట్లే. కాంగ్రెస్ 294లో 26 సీట్లకు పడిపోయింది. రెండు రూపాయల బియ్యం, మద్యనిషేధం, అవినీతి మీద కసి, ఇవన్నీ ఆ ఫలితంలో ఉన్నాయి. బాబ్రీ కూడా ఉంది. మా రెండు జిల్లాల నుంచి ఆ సభకు ముగ్గురు ముస్లింలు వెళ్లారు. కర్నూలు నుంచి సి.పి.ఎం. నాయకుడు ఎం.ఎ.గఫూర్, నంద్యాల నుంచి ఎన్.ఎం.డి.ఫరూక్, కడప నుంచి ఎస్.ఎ.ఖలీల్ బాషా. తర్వాతి ఇద్దరూ తెలుగుదేశం. ముగ్గురిలో ఒక్కరూ కాంగ్రెస్ కాదు.

అదే మా శిఖరం. అక్కడి నుంచి లెక్క చూడండి. 1999లో ఇద్దరు, ఫరూక్, ఖలీల్ బాషా. 2004లో ఇద్దరు, కర్నూల్లో మళ్లీ గఫూర్, కడపలో కాంగ్రెస్ అహ్మదుల్లా. 2009లో అహ్మదుల్లా ఒక్కరే. 2014లో కడపలో వైఎస్సార్ కాంగ్రెస్ అంజాద్ బాషా ఒక్కరే. 2019లో ఇద్దరు, అంజాద్ బాషా, కర్నూల్లో హఫీజ్ ఖాన్. 2024లో నంద్యాల నుంచి మళ్లీ ఫరూక్ ఒక్కరే. ఈ రెండు పాత జిల్లాల్లో కలిపి సీట్లు 24. ఏడు ఎన్నికల్లో 168 గెలుపులకు మా వాటా 12. జనాభాలో మేం నూటికి పదహారు మంది దాకా ఉన్నాం. ఆ లెక్కన 27 దాకా రావాలి. ఆ పన్నెండూ మూడే ఊళ్లలో వచ్చాయి: కర్నూలు, నంద్యాల, కడప. గెలిచిన మనుషులు ఆరుగురే. అందులో ఒక్క స్త్రీ లేదు.

మరి ఆదోనిలో మేం లేమా? ప్రొద్దుటూరులో, రాయచోటిలో లేమా? ఉన్నాం. అక్కడ మమ్మల్ని ఓటర్లుగానే లెక్కపెడతారు, అభ్యర్థులుగా ఎంచరు. పార్టీలు "సాయిబుల సీటు" అని ఒకటి గీత గీసి పెట్టుకున్నాయి. ఆ గీత బయట టికెట్ అడిగితే "మీవాళ్లు గెలవరప్పా" అంటారు. గెలవరని టికెట్ ఇవ్వరు, టికెట్ ఇవ్వలేదు కాబట్టి గెలవలేదు. ఊళ్లలో ఫ్యాక్షన్ ఉన్న చోట ఇంకో చిక్కు. ఓటు మనిషిది కాదు, వర్గానిది. మా పిల్లలు ఈ రెడ్డి మనుషులో, ఆ రెడ్డి మనుషులో అవుతారు. జెండా మోసేది, కేసుల్లో ఇరుక్కునేది మావాళ్లు. నామినేషన్ వేసేది వేరేవాళ్లు.

పక్కనే ఒక పోలిక ఉంది. దళితుల జనాభా కూడా ఈ రెండు జిల్లాల్లో సుమారుగా మా అంతే. 2009 పునర్విభజన తర్వాత వాళ్లకు నందికొట్కూరు, కోడుమూరు, బద్వేలు, రైల్వే కోడూరు, నాలుగు సీట్లు రిజర్వు అయ్యాయి. ఏ గాలి వీచినా ఆ నలుగురు సభలో ఉంటారు. ఇది వాళ్ల మీద కంటుతో చెప్పడం లేదు. అది అంబేడ్కర్ పోరాడి సాధించిన హక్కు. చట్టం చేయి పట్టుకున్నచోట ఏం జరిగిందో, పార్టీల దయకు వదిలేసినచోట ఏం జరిగిందో చూడమనే మా మాట.

దయ చూపిన రోజులు కూడా ఉన్నాయి, కాదనం. వై.ఎస్. 2004లో అయిదు శాతం రిజర్వేషన్ ఇస్తామన్నారు, అధికారంలోకి రాగానే ఉత్తర్వు ఇచ్చారు. హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్లీ తెస్తే మళ్లీ కొట్టేసింది. చివరికి 2007లో వెనకబడిన ముస్లిం కులాలకు బి.సి.-ఇ కింద నాలుగు శాతం చట్టం వచ్చింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలిచింది. పంక్చర్ అంగడి నడిపేవాడి కొడుకు ఇంజనీరు కావడం, బీడీలు చుట్టే తల్లి కూతురు డాక్టర్ కావడం ఆ నాలుగు శాతం చలవే. 2009 తర్వాత కూడా కడప ముస్లిం ఆ ఇంటి వైపే ఎందుకు మొగ్గాడని అడిగేవాళ్లకు ఇదే జవాబు. దాన్ని గుడ్డి భక్తి అనుకోవడం మమ్మల్ని తెలియకపోవడమే.

అయితే కృతజ్ఞతకు కూడా ఒక హద్దుంటుంది. పార్టీలు ఢిల్లీలో ఎవరితో నిలబడ్డాయో మేం చూస్తూనే ఉన్నాం. తెలుగుదేశం 1999లో బి.జె.పి.తో పొత్తు పెట్టుకుంది. అప్పుడే కర్నూల్లో గఫూర్ ఆ పార్టీ అభ్యర్థి టి.జి.వెంకటేశ్ చేతిలో ఓడారు. 2002లో గుజరాత్ తగలబడితే మోదీని మార్చాలన్నారు గానీ కేంద్రానికి మద్దతు తీయలేదు. 2014లో మళ్లీ పొత్తు. ఆ ఎన్నికల్లో తెలుగుదేశం గెలిచిన 102 మందిలో ఒక్క ముస్లిం లేడు. మంత్రివర్గంలో ముస్లిం కోసం 2018 నవంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. అటు వైఎస్సార్ కాంగ్రెస్ 2019లో 151 సీట్లు గెలిచి, మా 24 సీట్లూ ఊడ్చుకుపోయింది. కడప అంజాద్ బాషాను అయిదుగురు ఉపముఖ్యమంత్రుల్లో ఒకరిని చేసింది. ఆ డిసెంబర్‌లోనే పౌరసత్వ సవరణ బిల్లుకు పార్లమెంటులో రెండు పార్టీలూ ఓటేశాయి. మా ఓట్లతో వెళ్లిన ఎంపీలు మా పౌరసత్వం మీద అనుమానం రేపే చట్టానికి చేయెత్తారు. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ వచ్చినప్పుడు వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకించింది, తెలుగుదేశం సమర్థించింది. ఎవరు ఎప్పుడు ఎటు ఉంటారన్నది వాళ్ల అవసరాన్ని బట్టి.

2024లో కూటమికి 164 సీట్లు వచ్చాయి. వైఎస్సార్ కాంగ్రెస్ 11కు దిగింది. 1994 నుంచి ఆరు ఎన్నికల్లో వరసగా ముస్లింను గెలిపించిన కడపలో తెలుగుదేశం అభ్యర్థి మాధవీరెడ్డి గెలిచారు. కర్నూల్లో టి.జి.భరత్ గెలిచారు. ఒక స్త్రీ గెలిచిందని సంతోషించేవాళ్లలో మేమూ ఉన్నాం. కానీ ఆ "సాయిబుల సీటు" కూడా ఒక గాలికి ఎగిరిపోయేదేనని ఆ రోజు తెలిసింది. రాష్ట్రం మొత్తం మీద గెలిచిన ముస్లింలు ముగ్గురు, ముగ్గురూ గెలిచిన కూటమి మనుషులే. అంటే ప్రతిపక్షంలో మా తరఫున అడిగే గొంతు సభలో ఒక్కటీ లేదు.

పదవుల తీరు కూడా చూడండి. అహ్మదుల్లాకు మైనారిటీ సంక్షేమం, అంజాద్ బాషాకు మైనారిటీ సంక్షేమం, ఫరూక్‌కు మైనారిటీ సంక్షేమం. రాయలసీమలో మనిషి బతుకును తేల్చేది నీళ్లు. కె.సి.కాలువ ఎండితే మసీదు వీధి, రామాలయం వీధి రెండూ ఎండుతాయి. పంట లేక కువైట్ విమానం ఎక్కేవాళ్లలో రాయచోటి, కడప ముస్లింలు వేలమంది. ఆ నీళ్ల శాఖ మాత్రం ఈ ముగ్గురి చేతికీ రాలేదు. మా మంత్రి మాకే మంత్రి అన్నమాట. 2023 ఫిబ్రవరిలో జస్టిస్ అబ్దుల్ నజీర్ గవర్నర్‌గా వచ్చారు. 2019 అయోధ్య తీర్పునిచ్చిన అయిదుగురు న్యాయమూర్తుల్లో ఆయనొకరు. 2024 జూన్ 12న ముఖ్యమంత్రి చేత ప్రమాణం చేయించింది ఆయనే. ఓట్లతో పనిలేని పీఠం దాకా ఒక ముస్లింను ఢిల్లీ పంపగలదు. ఓట్లతో దక్కే పీఠం వైపు మాత్రం మాకు దారి లేదు.

తప్పంతా బయటివాళ్లదే అని చేతులు దులుపుకోలేం. టికెట్ కోసం ఢిల్లీ, హైదరాబాద్, అమరావతి తిరిగిన మా పెద్దలు మా గల్లీల్లో సంఘం కట్టలేదు. దూదేకులవాళ్లను మేమే సగం ముస్లింలుగా చూశాం. నమాజుకు కలిసి నిలబడి, పెళ్లి సంబంధం దగ్గర విడిపోయాం. ఆడవాళ్ల ఓట్లు గంపగుత్తగా లెక్కేశాం, వాళ్ల మాట ఎన్నడూ అడగలేదు. ఆరుగురు మనుషుల చుట్టూ ముప్పై ఏళ్లు తిరిగిన రాజకీయంలో మా ఇంటి తప్పు కూడా ఉంది.

మేం ప్రత్యేక నియోజకవర్గాలు అడగడం లేదు. ఆ పాత గాయం మళ్లీ రేపాలని లేదు. అడిగేది ఇంతే: ప్రతి పార్టీ ఈ జిల్లాల్లో మా జనాభా లెక్కన టికెట్లివ్వాలి. 24లో నాలుగు. అందులో ఆడవాళ్లు ఉండాలి, దూదేకులవాళ్లు ఉండాలి. గెలిచే ఊళ్లలో ఇవ్వాలి, ఓడే ఊళ్లలో కాదు. దీనికి దళితులు, బి.సి.లు మాతో నిలబడాలి, వాళ్ల హక్కుల కోసం మేం నిలబడాలి. ఉగాదికి దేవుని కడప గుడికి వెళ్లే ముస్లింలు, పెద్ద దర్గా ఉరుసుకు వచ్చే హిందువులు ఉన్న ఊరిది. పక్కపక్కన నడవడం మాకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

కడప అంటే గడప అంటారు పెద్దలు. తిరుమలేశుని కొండకు గడప అని. డెబ్బై ఏళ్లుగా మా ఓటు ఆ గడప దగ్గరే నిలబడి ఉంది. వచ్చే ఎన్నికల్లో మా వీధికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, మెడలో దండ వేయకముందే, ఒక్క మాట అడుగుదాం: మీ పార్టీ జాబితాలో మావాళ్ల పేర్లెన్ని?